మార్కులు ఎవరికి, మరణాలు ఎవరికి?

2012 సెప్టెంబర్ 11న కరాచీలోని బల్దియా టౌన్‌లో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల ఫ్యాక్టరీ తగలబడింది. 250 మందికి పైగా కార్మికులు లోపలే కాలిపోయారు, పొగకు ఊపిరాడక చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు. బయటికి పోయే తలుపులకు తాళాలు. ఆ మంటలకు కొన్ని వారాల ముందే, ఆగస్టులో, ఆ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ 8000 అనే సర్టిఫికెట్ వచ్చింది. అక్కడి కార్మికుల హక్కులూ, భద్రతా అంతర్జాతీయ ప్రమాణాలకు తగినట్టు ఉన్నాయని దాని అర్థం. ఇచ్చింది ఇటలీకి చెందిన రీనా అనే సంస్థ.

నిప్పు కావాలనే పెట్టారని 2020లో కరాచీ కోర్టు తేల్చింది, ఇద్దరికి మరణశిక్ష వేసింది. సరే. నిప్పు పెట్టినవాళ్ళు దొరికారు. కానీ తలుపులకు తాళాలు వేయించిందెవరు? ఆ తాళాలున్న ఫ్యాక్టరీకి మంచి మార్కులు వేసిందెవరు? ఎవరికోసం వేశారు?

ఈ చివరి ప్రశ్నే మన ప్రశ్న. ఎందుకంటే ఇలాంటి మార్కులు వేసే పనిలోకి ఇప్పుడు స్త్రీల సంస్థలను కూడా పిలుస్తున్నారు. శిక్షణ ఇవ్వమంటున్నారు, కమిటీల్లో కూర్చోమంటున్నారు, నివేదిక కింద సంతకం పెట్టమంటున్నారు. ఆ సంతకం ఎవరికి పనికొస్తుందో తెలుసుకోకుండా పెట్టడం మనకు తగదు.

పట్టికలో ఏముంది?

అమెరికాలోనో యూరప్‌లోనో ఒక పెద్ద బట్టల కంపెనీ ఉంటుంది. దానికి సొంత కుట్టుమిషను ఒక్కటి కూడా ఉండదు. బంగ్లాదేశ్‌లో, వియత్నాంలో, కంబోడియాలో, మన తమిళనాడులో, కర్ణాటకలో ఉన్న ఫ్యాక్టరీల దగ్గర కుట్టించుకుంటుంది. ఎవరి దగ్గర కుట్టించాలో తేల్చుకోవడానికి ఒక పట్టిక వేసుకుంటుంది. ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో వరస. చొక్కాకు ధర ఎంత, కుట్టు నాణ్యత ఎలా ఉంది, చెప్పిన రోజుకి ఓడ ఎక్కిస్తారా లేదా, నెలకి ఎన్ని లక్షల ముక్కలు తీయగలరు. ఒక్కో గడికి ఇన్ని మార్కులని ఉంటుంది. అన్నీ కూడితే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేలిపోతుంది. వ్యాపార పాఠాలు చెప్పేవాళ్ళు దీన్ని శాస్త్రీయమైన ఎంపిక అంటారు.

ఈ పట్టికలో చాలాకాలం కార్మికురాలు లేనే లేదు. 1980ల చివర, 90లలో అక్కడి విద్యార్థులు, యూనియన్లు, స్త్రీల సంఘాలు గొడవ చేశాక ఆమెకు ఒక గడి ఇచ్చారు. 1991లో లెవీ స్ట్రాస్ తన సప్లయర్ల కోసం ఒక నియమావళి రాసుకుంది. తర్వాత మిగతా కంపెనీలూ రాసుకున్నాయి. 1997లో ఎస్‌ఏ 8000 వచ్చింది. ఆ గడి పేరు కంప్లయన్స్. వేతనం, పని గంటలు, బాలకార్మికులు, మరుగుదొడ్లు, అగ్నిమాపక పరికరాలు, లైంగిక వేధింపులు అన్నీ కలిపి ఆ ఒక్క గడిలో కుక్కేశారు. దాన్ని నింపడానికి ఆడిటర్లు పుట్టుకొచ్చారు. ఈవేళ అదొక పెద్ద పరిశ్రమ.

గడి ఇవ్వడం మన పోరాటాల ఫలితమే, కాదనం. కానీ ఆ గడి చేతికొచ్చాక దాన్ని ఎవరు నింపారు, ఎలా నింపారు, నింపి ఏం చేశారు అన్నది చూడాలి.

నారింజ రంగు మార్కు

ఢాకా దగ్గర అషూలియాలో తాజ్రీన్ ఫ్యాషన్స్ అనే ఫ్యాక్టరీ ఉండేది. 2011 మేలో వాల్‌మార్ట్ తరఫున అక్కడ తనిఖీ జరిగింది. నారింజ రంగు మార్కు వచ్చింది. ప్రమాదం ఎక్కువగా ఉన్న పరిస్థితులు అక్కడ ఉన్నాయని ఆ రంగుకు అర్థం. అంటే కొనేవాళ్ళకు తెలుసు. 2012 నవంబర్ 24 రాత్రి అది తగలబడింది. కింది అంతస్తులో నిల్వ ఉన్న బట్ట, నూలు అంటుకున్నాయి. గంట మోగితే, ఏమీ లేదు, కూర్చుని పని చేసుకోండని సూపర్‌వైజర్లు వెనక్కి పంపారు. కనీసం 112 మంది చనిపోయారు. వాల్‌మార్ట్ ఏమంది? ఆ ఫ్యాక్టరీకి మా సరుకు వెళ్ళడానికి మేం అనుమతి ఇవ్వలేదు, మాకు తెలియకుండా మా సప్లయరే అక్కడికి పంపాడు అంది.

ఈ జవాబును జాగ్రత్తగా చదవండి. ఫ్యాక్టరీ ప్రమాదకరమని రాసిపెట్టుకున్నారు. రాసినందువల్ల ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. అక్కడ కుట్టే స్త్రీలకు తమ ఫ్యాక్టరీకి ఏ రంగు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. ఆ రంగు కొనేవాడి ఫైల్లో భద్రంగా ఉంది. ప్రాణం పోయే చోట కూర్చున్న మనిషికి తప్ప మిగతా అందరికీ తెలిసిన రహస్యం అది.

సరిగ్గా అయిదు నెలలకు, 2013 ఏప్రిల్ 24న సవార్‌లో రాణా ప్లాజా కూలింది. ఎనిమిది అంతస్తుల భవనం, పై అంతస్తులు అనుమతి లేకుండా కట్టినవి. ముందురోజే గోడల మీద పగుళ్ళు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకునూ, దుకాణాలనూ మూసేశారు. పైన ఉన్న అయిదు దుస్తుల ఫ్యాక్టరీలను మాత్రం తెరిచారు. రాకపోతే జీతం కోస్తామన్నారు. ఆర్డరు ఆలస్యమైతే పట్టికలో మార్కులు పోతాయి మరి. 1,100 మందికి పైగా చనిపోయారు, సుమారు 2,500 మంది గాయపడ్డారు. ఎక్కువమంది స్త్రీలు, పల్లెల నుంచి వచ్చిన పడుచు పిల్లలు.

ఆ భవనంలోని ఫ్యాక్టరీలకూ ఆడిట్లు జరిగాయి. ఆడిట్ చేసిన సంస్థల్లో జర్మనీకి చెందిన టూఫ్ రైన్‌లాండ్ కూడా ఉంది. భవనం గట్టిగా ఉందో లేదో చూడటం సామాజిక ఆడిట్ పని కాదని ఆ తర్వాత ఆడిట్ వర్గాలు సమాధానమిచ్చాయి. నిజమే కావచ్చు. బ్యాంకు గుమాస్తాకు కనిపించిన పగులు కనిపించాల్సిన అవసరం లేని తనిఖీ అది! అలాంటి తనిఖీ మీద ఆధారపడి ఇది మంచి సప్లయర్, అది చెడ్డ సప్లయర్ అని బేరీజు వేస్తున్నారు.

ఎవరి డబ్బు, ఎవరి మాట

ఆడిటర్లందరూ అవినీతిపరులని మనం అనడం లేదు. మనుషులు మంచివాళ్ళే కావచ్చు. తప్పు పద్ధతిలో ఉంది. ఆడిట్ ఫీజు చాలాచోట్ల ఫ్యాక్టరీ యజమానే కడతాడు, కొన్నిచోట్ల కొనే కంపెనీ కడుతుంది. నివేదిక వెళ్ళేది వాళ్ళిద్దరి దగ్గరికే. కార్మికురాలు ఫీజు కట్టదు కాబట్టి ఆమెకు నివేదిక రాదు. కఠినంగా రాసే ఆడిటర్‌ని వచ్చే ఏడాది పిలవరు. ఒకటి రెండు రోజుల్లో వందల ప్రశ్నలకు టిక్కులు పెట్టాలి. రిజిస్టర్లు చూడాలి, కొద్దిమంది కార్మికులతో మాట్లాడాలి.

ఎక్స్‌పోర్ట్ కంపెనీల్లో పనిచేసిన స్త్రీలను అడగండి, ఆడిట్ రోజు ఎలా ఉంటుందో చెబుతారు. ముందురోజు నేల కడుగుతారు. మరుగుదొడ్లలో సబ్బులు పెడతారు. మెట్ల మీది అట్టపెట్టెలు తీసేస్తారు. గ్లౌజులు, మాస్కులు పంచి సాయంత్రానికి తిరిగి తీసుకుంటారు. వయసు తక్కువ పిల్లల్ని ఇంటికి పంపిస్తారు. ఓటీ ఎన్ని గంటలని అడిగితే ఏం చెప్పాలో లైన్‌లో నిలబెట్టి నేర్పిస్తారు. హాజరు పుస్తకాలు రెండు ఉంటాయి. ఎవరితో మాట్లాడించాలో ఎంచేది సూపర్‌వైజరే. ఆ సూపర్‌వైజరు చేతులు వేస్తాడని, బూతులు తిడతాడని అతను ఎంచి పంపిన అమ్మాయి, మేనేజరు గది పక్క గదిలో కూర్చుని, ఇక ఎప్పుడూ కనిపించని ఒక కొత్త మనిషికి చెబుతుందా? చెప్పదు. 'వేధింపులు: లేవు' అని టిక్కు పడుతుంది.

ఆఫ్రికాలోని లెసోతోలో ఇదే జరిగింది. అక్కడ నియెన్ సింగ్ అనే కంపెనీ ఫ్యాక్టరీల్లో పేరున్న బ్రాండ్ల జీన్స్ కుట్టే స్త్రీలను, ఉద్యోగం నిలవాలంటే లొంగాల్సిందేనని సూపర్‌వైజర్లు వేధించారు. ఏళ్ళ తరబడి నియమావళులున్నాయి, తనిఖీలున్నాయి. బయటపెట్టింది మాత్రం వర్కర్ రైట్స్ కన్సార్షియం అనే స్వతంత్ర సంస్థ, ఫ్యాక్టరీ బయట స్త్రీలతో మాట్లాడి. దాని ఫలితంగా 2019 ఆగస్టులో బ్రాండ్లు, యజమాని, యూనియన్లు, స్త్రీల సంఘాలు కట్టుబడే ఒప్పందాలు కుదిరాయి. ఏళ్ళ తనిఖీలు కనిపెట్టలేనిది ఫ్యాక్టరీ బయట నమ్మకంగా అడిగితే బయటికొచ్చింది.

మార్కులు వేసేవాడికి మార్కులు ఎవరు వేస్తారు?

ఈ పట్టికలో ఒక గడి అసలు లేదు. కొనేవాడి ప్రవర్తన. చొక్కా ధర పోయినేడు కంటే తగ్గించమనేది అతను. ముప్ఫై రోజుల్లో కావాలనేది అతను. కుట్టడం మొదలయ్యాక డిజైన్ మార్చేదీ అతనే. ఈ ఒత్తిడి ఎవరి మీద పడుతుంది? మేనేజరు నుంచి సూపర్‌వైజరుకు, సూపర్‌వైజరు నుంచి మిషను దగ్గర కూర్చున్న స్త్రీకి. ఒక్కో ముక్కకు ఇన్ని నిమిషాలని లెక్క కట్టి గంటకు టార్గెట్ పెడతారు. టార్గెట్ అందాలంటే ఆమె నీళ్ళు తాగదు, మరుగుదొడ్డికి వెళ్ళదు. అదే కొనేవాడి తరఫు ఆడిటర్ వచ్చి మీ దగ్గర ఓటీ ఎక్కువగా ఉందని ఫ్యాక్టరీకి మార్కులు కోస్తాడు!

రాణా ప్లాజా తర్వాత లోకమంతా కన్నీళ్ళు పెట్టింది. మరి ధర పెంచారా? అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ ఆనర్ 2018లో లెక్కలు తీశాడు. ఆ దుర్ఘటన తర్వాత బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలకు కొనే కంపెనీలు ఇచ్చే ధర 13 శాతం తగ్గిందని తేలింది. 2020లో కరోనా రాగానే ఈ కంపెనీలే 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆర్డర్లు రద్దు చేశాయని, ఆపేశాయని బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతిదారుల సంఘం ప్రకటించింది. కుట్టిన బట్టకు కూడా డబ్బు ఇవ్వనన్నవాళ్ళున్నారు. 2023లో అక్కడి కార్మికులు నెలకు 23,000 టాకాల కనీస వేతనం అడిగితే 12,500 ఇచ్చారు. అడిగినందుకు రోడ్ల మీద లాఠీలు, తూటాలు ఎదుర్కొన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ కంపెనీ పట్టికలోనైనా ఇందుకు ఎవరికైనా మార్కులు పోయాయా?

ప్రభుత్వాలూ ఆ పట్టికలోనే

పోల్చేది ఫ్యాక్టరీలను మాత్రమే కాదు, దేశాలను కూడా. కూలి ఎక్కడ తక్కువ, యూనియన్లు ఎక్కడ బలహీనం, గంటలు ఎక్కడ ఎక్కువ అని చూస్తారు. మా రాష్ట్రానికి రండని ప్రభుత్వాలు పోటీపడి తమను తాము సప్లయర్లుగా నిలబెట్టుకుంటున్నాయి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచడానికీ, స్త్రీలకు రాత్రి షిఫ్టులు అనుమతించడానికీ ఆమోదం తెలిపింది. పెట్టుబడులు రావాలన్నదే చెప్పిన కారణం. స్త్రీలకు ఉపాధి అన్నారు. ఇంట్లో పని గంటల్ని ఎవరు తగ్గించారు? పదో గంట మిషను దగ్గర గడిపిన మనిషి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించే గంట ఏ పట్టికలో ఉంది?

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో విదేశీ బ్రాండ్లకు కుట్టే బ్రాండిక్స్ ప్రాంగణం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలమంది స్త్రీలు బస్సుల్లో వచ్చి పనిచేస్తారు. 2022 జూన్‌లో అక్కడి సీడ్స్ దుస్తుల యూనిట్‌లో విషవాయువు పీల్చి వందకు పైగా స్త్రీలు వాంతులతో, ఊపిరాడక ఆస్పత్రి పాలయ్యారు. రెండు నెలలు తిరిగేసరికి ఆగస్టులో అదే చోట మళ్ళీ అదే జరిగింది. ఒకసారి జరిగితే ప్రమాదం అంటాం. రెండోసారి జరిగితే ఏమంటాం? మన దగ్గర కుట్టే స్త్రీల ప్రాణాలకు ఉన్న విలువ అంటాం.

మరి ఏం చెయ్యాలి? ఆడిట్లు వద్దా?

కొందరు మిత్రులు అడుగుతారు. 'ఏదో ఒక తనిఖీ అయినా ఉంది కదా, అదీ లేకపోతే ఎలా?' ఇంకొందరు భయపడతారు. 'గట్టిగా మాట్లాడితే ఆర్డర్లు వేరే దేశం పోతాయి, ఆడపిల్లల ఉద్యోగాలు పోతాయి.' రెండూ నిజాయితీ గల భయాలే. ఆ బట్టలు కొనకండని పిలుపునివ్వమని మనం అనడం లేదు. ఢాకాలో కుట్టే స్త్రీ కూడా అది అడగడం లేదు. ఆమె ఉద్యోగం కావాలంటోంది, ఉద్యోగంలో బతికి ఉండాలంటోంది. తప్పులున్న ఫ్యాక్టరీని వదిలేసి ఇంకో ఫ్యాక్టరీకి పోవడం కంపెనీకి శుద్ధి, ఆమెకు పస్తు.

దారి ఉందని నిరూపించినవాళ్ళున్నారు. రాణా ప్లాజా కూలిన మూడు వారాలకు, 2013 మేలో, బంగ్లాదేశ్ అకార్డ్ కుదిరింది. రెండు పక్కలా సంతకాలున్న ఒప్పందం అది, ఒక పక్క బ్రాండ్లు, ఇంకో పక్క అంతర్జాతీయ, స్థానిక యూనియన్లు. 200కు పైగా కంపెనీలు చేరాయి, 1,600కు పైగా ఫ్యాక్టరీలు దాని కిందికి వచ్చాయి. తనిఖీ నివేదికలు అందరూ చదివేలా ప్రకటించారు. ఏ తలుపు ఏ తేదీలోగా మార్చాలో రాశారు. ప్రమాదమనిపిస్తే పని ఆపే హక్కు కార్మికులకు ఇచ్చారు. మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడాల్సిన బాధ్యత కొనేవాళ్ళ మీద పెట్టారు. మాట తప్పితే మధ్యవర్తి ముందు నిలబెట్టవచ్చు. నిలబెట్టారు కూడా. 2018 జనవరిలో ఒక బ్రాండ్ 23 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. వాల్‌మార్ట్, గ్యాప్ లాంటివి ఇందులో చేరకుండా, యూనియన్ల సంతకం లేని వేరే కూటమి పెట్టుకున్నాయి. ఎందుకు పెట్టుకున్నాయో చెప్పక్కర్లేదు.

రెండోది మన పొరుగునే ఉంది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో నాచి అప్పారెల్ అనే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరు. దళిత స్త్రీల నాయకత్వంలో నడిచే టీటీసీయూ యూనియన్ ఊరుకోలేదు. కుటుంబాన్ని ఒంటరిని కానివ్వలేదు, విషయం బ్రాండ్ల గడప దాకా తీసుకెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం కుదిరింది. యజమాని ఈస్ట్‌మన్ ఎక్స్‌పోర్ట్స్, కొనే కంపెనీల్లో హెచ్ అండ్ ఎం, ఆ తర్వాత గ్యాప్, పీవీహెచ్ సంతకాలు పెట్టాయి. పాతిక మంది కార్మికులకు ఒకరి చొప్పున, అదే లైన్‌లో కుట్టే స్త్రీలనే యూనియన్ పరిశీలకులుగా తయారు చేసింది. మొదటి ఏడాదిలోనే వందకు పైగా ఫిర్యాదులు బయటికొచ్చాయి, వాటిలో అత్యధిక భాగం పరిష్కారమయ్యాయి.

ఆడిటర్ లెక్కలో ఫిర్యాదులు లేని ఫ్యాక్టరీ మంచి ఫ్యాక్టరీ. మన లెక్కలో స్త్రీలు భయం లేకుండా ఫిర్యాదు చేసే ఫ్యాక్టరీ మంచి ఫ్యాక్టరీ. ఈ తేడా పట్టుకుంటే చాలు, పట్టిక మొత్తం తలకిందులవుతుంది.

మన సంతకం సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అందులో బయటి నుంచి ఒక సభ్యురాలు ఉండాలి. అందుకే యజమానులు స్త్రీల సంస్థలను వెతుక్కుంటూ వస్తారు. మన పేరు గోడ మీది బోర్డులో ఉంటుంది. ఆడిటర్ ఆ బోర్డు చూసి టిక్కు పెడతాడు. ఆ టిక్కుతో ఫ్యాక్టరీకి మార్కులొస్తాయి, మార్కులతో ఆర్డరు వస్తుంది. ఆ ఏడాదిలో కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? మనం ఎన్నిసార్లు లోపలికి వెళ్ళాం? మిషను దగ్గర ఉన్న స్త్రీకి మన పేరు తెలుసా, ఫోన్ నంబర్ తెలుసా? తెలియకపోతే మనం ఆమె తరఫున కాదు, ఆ బోర్డు తరఫున పనిచేస్తున్నాం.

నిధుల కష్టం మనకు తెలుసు. అందుకని వచ్చిన ప్రతి పనీ ఒప్పుకోలేం. పిలుపు వచ్చినప్పుడు ఈ షరతులు పెడదాం. స్త్రీలతో ఫ్యాక్టరీ బయట, వాళ్ళు ఎంచుకున్న చోట, వాళ్ళ భాషలో మాట్లాడతాం. నివేదిక కార్మికులకు తెలుగులో చదివి వినిపిస్తాం, ఒక ప్రతి వాళ్ళకే ఇస్తాం. మాతో మాట్లాడినవాళ్ళను తీసేస్తే మా పేరు వెనక్కి తీసుకుని ఆ సంగతి బహిరంగంగా చెబుతాం. యూనియన్ ఉంటే వాళ్ళతో కలిసే వస్తాం, లేకపోతే పెట్టుకునే హక్కు గురించి శిక్షణలో చెప్పి తీరతాం. కొనే కంపెనీ ఇచ్చే ధర, గడువు కూడా నివేదికలో రాస్తాం. ఒప్పుకోకపోతే మనం వెళ్ళకుండా ఉండటమే ఆ స్త్రీలకు చేసే మేలు.

యూరప్‌లో చట్టాలు కొంత కదిలాయి. రాణా ప్లాజా తర్వాత ఫ్రాన్సు 2017లో చట్టం చేసింది, జర్మనీ చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. 2024లో యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ఆదేశాన్ని 2025 నుంచే నీరుగార్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. చట్టం ఉన్నా దాని కింద మొదటి సాక్ష్యం చెప్పాల్సింది లైన్‌లో కూర్చున్న స్త్రీయే. ఆమెకు ధైర్యం ఇవ్వగలిగేది పక్క మిషను స్త్రీ, ఆమె సంఘం, వెనక నిలబడే మనం.

1911లో న్యూయార్క్‌లో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ కాలినప్పుడు 146 మంది చనిపోయారు, వాళ్ళలో 123 మంది స్త్రీలు. అక్కడా తలుపుకు తాళం ఉంది. నూరేళ్ళ తర్వాత కరాచీలో అదే తాళం, ఈసారి గోడ మీద సర్టిఫికెట్‌తో సహా. ఆ తాళం తీయించే సంఘం పక్కన మన పేరు ఉండాలి. సర్టిఫికెట్ కింద ఉండకూడదు.